సత్సంగంలో ఉండాలా, మానేయాలా?

ప్రశ్న: నా వయసు 53. మాది ప్రొద్దుటూరు. మా ఆయన బట్టల అంగట్లో పనిచేసేవారు. మూడేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. ఒక్కతే కూతురు, బెంగళూరులో నర్సు. ఆయన పోయాక ఆరు నెలలు నేను గడప దాటలేదు. ఎదురింటి అక్క బలవంతంగా ఒక ఆశ్రమానికి తీసుకుపోయింది. వారానికి రెండు రోజులు భజన, పున్నమికి అన్నదానం. నేను మళ్ళీ మనిషినయ్యానంటే వాళ్ళ వల్లే. కానీ ఈ ఏడాదిగా కొన్ని సంగతులు మనసును తొలుస్తున్నాయి. షుగర్ మాత్రలు మాని తీర్థం, విభూతి వాడమన్నారు. నాలుగు నెలలుగా అదే చేస్తున్నాను. మందిరం కడుతున్నామంటే నా మూడు తులాల గొలుసు ఇచ్చాను. మా అమ్మాయి పోయిన ఏడాది తనతో పనిచేసే ముస్లిం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఆ ఇంటికి పోతే దీక్ష భంగమని ఆశ్రమం పెద్దలు చెప్పారు. అమ్మాయేమో "నలుగురు చేరి నడిపే ఏ మతమైనా విషమేనమ్మా, మనుషుల్ని వాడుకోవడానికే అది పుట్టింది" అంటుంది. ఆ మాట స్వామి దగ్గర అంటే "బయటివాళ్ళ మాటలు వింటే పతనమే" అన్నారు. మతం నాకు మేలు చేసిందా, కీడు చేసిందా? నేను అక్కడ ఉండాలా, మానేయాలా?

— ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ పెద్ద ప్రశ్న దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మాత్రల సంగతి తేల్చుకుందాం, అది ఆగే పని కాదు. ఇది చదివిన మర్నాడే పరగడుపున జిల్లా ఆసుపత్రికో, మీ వీధికి దగ్గరున్న ఆరోగ్య కేంద్రానికో పోయి రక్తపరీక్ష చేయించుకోండి. నాలుగు నెలలు మానేశారు కాబట్టి పాత మాత్రలు పాత లెక్కన మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. మామూలు పరీక్షలో ఆ పూట షుగర్ ఎంతుందో తెలుస్తుంది. ఇందులో గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. మీరు తీర్థం మీద నడిపిన కాలంలో ఎక్కువ భాగం ఆ ఒక్క అంకెలో ఉంటుంది. స్వామి మాట నిజమో కాదో నేను వాదించక్కర్లేదు, మీ అమ్మాయీ వాదించక్కర్లేదు. కాగితం చూసుకుంటే సరిపోతుంది.

"నాకు ఒంట్లో ఏ తేడా తెలియడం లేదే" అని మీకు అనిపించొచ్చు. షుగర్‌తో వచ్చిన చిక్కే అది. నొప్పి ఉండదు. కంటి వెనక రక్తనాళాలు, మూత్రపిండాలు, పాదాల్లో నరాలు చప్పుడు లేకుండా దెబ్బతింటూ పోతాయి. ఆదోని దగ్గర పల్లెలో నాకు తెలిసిన ఒకావిడ ఇలాగే మాత్రలు మానేసి, మొక్కు ప్రకారం చెప్పుల్లేకుండా తిరిగింది. అరికాల్లో ముల్లు దిగితే ఆమెకు తెలియనే లేదు. ఒకరోజు ఆమె కాళ్ళు కడుక్కుంటుంటే కోడలు చూసింది. అప్పటికే పాదం నల్లబడి వాసన వస్తోంది. కర్నూలు పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేసి కాలు దక్కించారు. ఇప్పుడు ఆమె పొద్దున్నే మాత్ర వేసుకుని, అదే దేవుడికి దీపం పెడుతుంది. మాత్రకూ దీపానికీ తగువేమీ లేదు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేసుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నేరం. ఆ చట్టంలో జబ్బుల పట్టిక ఒకటి ఉంది, అందులో మధుమేహం పేరు ఉంది. భక్తికి మందులు అడ్డమని చెప్పడం మన పెద్ద మతాల్లో ఏ మతం పద్ధతీ కాదు. రంజాన్ ఉపవాసాల నుంచి రోగులకు, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న డాక్టర్లు ఆ నల్ల బట్టల్లోనే ఆసుపత్రికొచ్చి మందులు రాస్తుంటారు. కాబట్టి మాత్ర వేసుకుంటే భక్తి తగ్గుతుందేమోనన్న బెంగ పెట్టుకోకండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మతం మీకు మేలు చేసింది. ఈ మాట మీ అమ్మాయికి నచ్చకపోయినా నేను వెనక్కి తీసుకోను. ఆరు నెలలు తలుపులేసుకుని కూర్చున్న మనిషిని బయటికి తెచ్చింది ఆ భజనే. పున్నమి ముందు రోజు రాత్రి మీ ఆశ్రమం వంటశాల ఎలా ఉంటుందో నేను ఊహించగలను, మా అనంతపురం వైపు అన్నదానాల్లో చాలానే చూశాను. వరండాలో గోనెపట్టాలు పరిచి పదిమంది ఆడవాళ్ళు వంకాయలు కోస్తుంటారు. ఒకామె ఉల్లిపాయలు తరుగుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే పక్కామె, "ఏమ్మే, ఉల్లిగడ్డకేనా ఆ ఏడుపు, ఇంకేమన్నా ఉందా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు లేకే మీరు ఆరు నెలలు చీకట్లో ఉన్నారు. భర్త పోయిన ఆడమనిషికి మన ఊళ్ళలో పేరంటం పిలుపులు ఆగిపోతాయి. పెళ్ళిలో వెనక వరసలో కూర్చోవాలి. వ్రతంలో చేయి పెట్టకూడదు. మిమ్మల్ని అక్కడ పక్కన పెట్టిందీ మతాచారమే, భజనలో పక్కన కూర్చోబెట్టుకుని తాళం చేతికిచ్చిందీ మతమే. ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో జరుగుతాయి. అందుకే "మతం మంచిదా చెడ్డదా" అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మను.

అమెరికాలో చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రార్థనలకు క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారని అంతకుముందే చాలామంది గమనించారు. ఎందువల్ల అని వీళ్ళు తరచి చూశారు. ఆ ప్రార్థనాస్థలంలో దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్ళకే ఆ తృప్తి ఎక్కువగా ఉందని తేలింది. వారం వారం వెళ్తున్నా అక్కడ స్నేహితులంటూ లేనివాళ్ళు, అసలు వెళ్ళనివాళ్ళ కంటే ఏమంత సంతోషంగా లేరు. అక్కడి చర్చిల లెక్క మన భజన మందిరాలకు అచ్చంగా సరిపోతుందని నేను చెప్పను. కానీ మీరే గుర్తుచేసుకోండి. మిమ్మల్ని నిలబెట్టింది స్వామి ఇచ్చిన విభూతా, ఎదురింటి అక్క చేయి పట్టుకుని తీసుకుపోవడమా? ఉత్తరంలో మీరే రాశారు, "వాళ్ళ వల్లే" అని. "ఆయన వల్ల" అని రాయలేదు.

వాడుకోవడానికే మతం పుట్టిందన్న మీ అమ్మాయి మాట కూడా సగమే నిజం. నలుగురూ చేరి ఒక కట్టుబాటులో పనిచేస్తే జరిగే మంచి ఒంటరి భక్తితో జరగదు. మీకు దగ్గర్లోనే జమ్మలమడుగు ఉంది. అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రిని లండన్ మిషన్ వాళ్ళు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టారు. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో తాత ముత్తాతల కాన్పులు అక్కడే జరిగాయి. పుట్టపర్తిలో సత్యసాయి సంస్థ వాళ్ళు 1991లో పెద్దాసుపత్రి తెరిచి గుండె ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకు తాగునీటి పైపులు వేయించారు. ఆ సంస్థ మీద విమర్శలు, ఆరోపణలు చాలా వచ్చాయి, వాటిని దాచాల్సిన పని లేదు. అయినా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయిన ఊళ్ళలో బిందె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి ఆ కొళాయి ఎంత మేలో మనకు తెలుసు. అంత పని ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చునే భక్తుడి వల్ల కాదు. దానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి, లెక్కలు రాసేవాళ్ళు కావాలి.

అయితే అదే కట్టుబాటు మనిషిని నలిపేసిన కథలూ మన నేల మీదే ఉన్నాయి. కర్నూలు, అనంతపురం జిల్లాల పడమటి పల్లెల్లో, కర్ణాటక సరిహద్దు పొడవునా ఆడపిల్లను దేవత పేరు మీద బసివినిగా వదిలేసేవారు. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, పుట్టే బిడ్డలకు తండ్రి పేరు ఉండదు. అమ్మవారికి ఇచ్చామని ఊరు ఊరంతా చెప్పేది. పిల్ల బతుకు మాత్రం ఊళ్ళో పెత్తనం ఉన్న మగవాళ్ళ పాలయ్యేది. అలా వదిలేసింది ఎక్కువగా దళితుల ఇళ్ళ పిల్లల్నే. దేవతకు నిజంగా పిల్లలు కావాలంటే ఆమె పెద్దిళ్ళ గడపలు ఎందుకు తొక్కలేదు? ఈ మాట ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగితే అమ్మవారికి కోపం వస్తుందని భయం. 1988లో చట్టం చేసి దాన్ని నేరమన్నారు. ఆ తర్వాత కూడా చాటుమాటుగా సాగిందని ఆ పల్లెల్లో పనిచేసినవాళ్ళు చెబుతారు. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరం సంగతీ మీకు తెలిసే ఉంటుంది. ఏటా తలలు పగులుతాయి, గాయాలకు పసుపు పూసుకుని ఇంటికి పోతారు. అక్కడ మాత్రం ఎవరూ ఎవర్నీ మోసం చేయడం లేదు, అందరూ ఇష్టపడే పోతున్నారు. అయినా పగిలిన తల పగిలినట్టే.

ఇక్కడ మీ అమ్మాయికి తట్టని ఒక సంగతి చెప్పాలి. ఆమె భయమంతా పెద్ద వ్యవస్థల మీద. నాకు మాత్రం ఏ వ్యవస్థా లేని ఒంటరి గురువంటేనే ఎక్కువ భయం. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడిలో హుండీ విప్పితే అధికారులు, సాక్షుల ముందు లెక్కపెట్టాలి. పెద్ద చర్చి సంస్థల్లో పాస్టరు పైన బిషప్పు ఉంటాడు, ఆయన మీద సభలో ప్రశ్నలు వేసేవాళ్ళు ఉంటారు. దర్గాలకు, మసీదులకు వక్ఫ్ బోర్డు ఉంది. వీటిల్లో తినేవాళ్ళు లేరని కాదు, బాగానే ఉన్నారు. కానీ ఫిర్యాదు ఇవ్వడానికి ఒక గుమ్మం ఉంది. ఆర్టీఐ పెట్టొచ్చు, కోర్టుకు పోవచ్చు, పేపరువాళ్ళకు చెప్పొచ్చు. మీ స్వామి పైన ఎవరున్నారమ్మా? మీ గొలుసు ఏ పుస్తకంలో రాశారు? ఆయన ఇచ్చిన సలహా వల్ల మీ కన్ను పోతే ఎవరు జవాబు చెబుతారు? ఊరి చివర షెడ్డులో "స్వస్థత" కూటాలు నడిపే పాస్టరు అయినా, తాయెత్తు కట్టే బాబా అయినా, మీ స్వామి అయినా నేను అడిగేది ఇదే.

ఉత్తరంలో అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మాత్రల సంగతి కాదు, గొలుసు కూడా కాదు. "బయటివాళ్ళ మాటలు వింటే పతనమే" అన్నారే, ఆ మాట. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. బంగారం పోతే పోయింది అనుకోవచ్చు. కానీ బయటి మాట చెవిన పడకుండా చేస్తే, తప్పు జరుగుతున్నా మీకు చెప్పేవాళ్ళు మిగలరు. పైగా ఆ భయం మనిషిని లోపలే తినేస్తుంది. అమెరికాలోనే 2001లో ఆసుపత్రిలో చేరిన పెద్దవయసు రోగుల మీద చేసిన ఇంకో అధ్యయనం వచ్చింది. దేవుడు తమను శిక్షిస్తున్నాడని, వదిలేశాడని కుమిలిపోతున్న రోగుల్లో, మిగతావాళ్ళతో పోలిస్తే, రెండేళ్ళలో చనిపోయినవాళ్ళు ఎక్కువ. దేవుడి మీద నమ్మకం ధైర్యం ఇస్తుంది, నిజమే. దేవుడి పేరు మీద వేసిన భయం ఒంటిని కూడా దెబ్బతీయొచ్చు. మీ స్వామి ఈ రెంటిలో మీకు ఏది ఎక్కువగా ఇస్తున్నారో రాత్రి పడుకునే ముందు మీకే తెలుస్తుంది.

గొలుసు గురించి నిజం చెబుతాను, మీకు కష్టంగా ఉన్నా. ఇష్టపడి చేతులారా ఇచ్చిన కానుకను చట్టప్రకారం వెనక్కి రాబట్టడం కష్టం. అయితే గురువు తన మాట చలాయించుకుని శిష్యుడి దగ్గర ఆస్తి రాయించుకుంటే దాన్ని రద్దు చేయించుకోవచ్చనే సూత్రం మన కాంట్రాక్టు చట్టంలో ఉంది. పరలోకంలో ఆత్మకు మేలు జరుగుతుందని నమ్మించి ఒక గురువు తన ముసలి భక్తుడి ఆస్తి అంతా రాయించుకుంటే, ఆ దానం చెల్లదని 1890లోనే అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మీది ఆ లెక్కలోకి వస్తుందో లేదో లాయరు చూసి చెప్పాలి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కోర్టు దాకా పోతారో లేదో మీ ఇష్టం. కానీ రేపే ఒక పని చేయొచ్చు. ఆశ్రమానికి పోయి "నా గొలుసుకు రశీదు ఇవ్వండి, బరువు కూడా రాయండి" అని అడగండి. మందిరానికి ఇచ్చిన సొమ్ముకు రశీదు అడగడం పాపం కాదు. తిరుమలలో లడ్డూకు కూడా టోకెను ఇస్తారు. రశీదు ఇచ్చారా, తడబడ్డారా, కోప్పడ్డారా, ఇందులో మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఇకమీదట బంగారం, ఇల్లు, పొలం కాగితం, మీ పేరున ఉన్న డిపాజిట్ ఏదీ ఎవరికీ ఇవ్వకండి. అన్నదానానికి బియ్యమో బేడలో ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, నష్టం లేదు.

మీ అమ్మాయి ఇంటి సంగతి. ఈ విషయంలో నాకు కోపం వచ్చింది, దాచుకోను. దీక్ష పేరు చెప్పి తల్లినీ బిడ్డనూ విడదీసే హక్కు ఎవరికీ లేదు. అందులోనూ కడప జిల్లాలో ఉంటూ ఆ మాట ఎలా అన్నారో నాకు అర్థం కాలేదు. దేవుని కడపకు ఉగాది నాడు ఒకసారి పోయి చూడండి. పొద్దున్నే ముస్లిం కుటుంబాలు టెంకాయలు, పూలు, బెల్లం పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడికి వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని, స్వామి తమ అల్లుడని వాళ్ళ నమ్మకం. పండగపూట అల్లుడి ఇంటికి వచ్చినట్టే వస్తారు. పూజారులు వాళ్ళ టెంకాయ కొట్టి ప్రసాదం ఇస్తారు. సాక్షాత్తూ దేవుడికే లేని అభ్యంతరం మీ ఆశ్రమం పెద్దలకు ఎందుకమ్మా? అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్పస్వామి పీర్ల పండగ చూడండి. చక్కెర చదివింపులు ఇచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ. ఇదంతా ఏ ప్రభుత్వమో చెబితే జరుగుతున్నది కాదు. మన పెద్దవాళ్ళు తరతరాలుగా నడిపిన మతం ఇది. మీ ఆశ్రమం చెప్పే దాని కంటే ఇది పాతది.

మీ జిల్లాలోనే కందిమల్లాయపల్లె ఉంది, బ్రహ్మంగారి మఠం. వీరబ్రహ్మేంద్రస్వామికి ముఖ్య శిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లింల బిడ్డ. కక్కయ్య మాదిగ. కులం చూడకుండా శిష్యులను చేర్చుకున్నాడనే ఆయన్ను ఈ నేల ఇన్ని తరాలు గుర్తుపెట్టుకుంది. అదే మఠంలో 2021లో పీఠాధిపతి కన్నుమూశాక ఎవరు కూర్చోవాలన్న వారసత్వ గొడవ కోర్టు మెట్లెక్కింది. నేనిది మఠాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఎంత గొప్ప మనిషి మొదలుపెట్టినా, గద్దె, ఆస్తి, తాళాలగుత్తి వచ్చాక గొడవలు వస్తాయి. అందుకని బ్రహ్మంగారి మీద జనానికి భక్తి తగ్గిందా? లేదు, ఆరాధనకు బండ్లు కట్టుకుని పోతూనే ఉన్నారు. గద్దె మీద కూర్చున్నవాళ్ళ గొడవను, తమ భక్తిని వేరువేరుగా చూడటం మన పల్లెల్లో చదువులేని ఆడవాళ్ళకు కూడా బాగా తెలుసు. మీరూ ఆ పని చేయగలరు.

"మానేస్తే మళ్ళీ ఒంటరిదాన్ని అయిపోతానేమో" అన్న భయం మీ ఉత్తరంలో రాయకపోయినా నాకు కనిపించింది. మా అనంతపురంలో అందరూ ఎరిగిన విన్సెంట్ ఫెర్రర్ సంగతి చూడండి. స్పెయిన్ నుంచి జెస్యూట్ అనే క్యాథలిక్ సభ సన్యాసిగా వచ్చినాయన. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం చేరారు. ఆ మరుసటేడు తన సభ నుంచే బయటికొచ్చేశారు, పెళ్ళి చేసుకున్నారు. సభ వదిలినందుకు ఆయన బతుకు ఖాళీ అయిపోలేదు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పేరుతో ఊరూరా బడులు, ఇళ్ళు, బత్తలపల్లిలో ఆసుపత్రి వచ్చాయి. 2009లో పోయేదాకా, పోయాక కూడా జనం ఆయన్ను "ఫాదర్" అనే పిలిచారు. బయటికి వచ్చినంత మాత్రాన అన్నీ పోవు. మీకు అక్కడ నచ్చినవి పాట, వంట, పక్కన కూర్చునే మనుషులు. వీటిలో ఏదీ స్వామి సొత్తు కాదు.

అయినా ఇవాళే మానేయమని నేను చెప్పను. మాత్రలు మొదలుపెట్టాక, వచ్చే భజనకు మామూలుగానే పోండి. చాటుగా కాదు, పదిమంది ఆడవాళ్ళూ ఉన్నప్పుడే నెమ్మదిగా చెప్పండి. "డాక్టరు దగ్గరికి పోయినాను, మాత్రలు వేసుకుంటున్నాను. వచ్చే శనివారం మా అమ్మాయి ఇంటికి బెంగళూరు పోతున్నాను, నాలుగు రోజులు ఉండి వస్తాను. గొలుసుకు రశీదు అడిగినాను." ఈ మూడు మాటలు చాలు. వాదన పెట్టుకోవద్దు, స్వామి గురించి ఒక్క మాట కూడా చెడ్డగా అనొద్దు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. వాళ్ళలో కనీసం ఇద్దరు ముగ్గురు మీ దగ్గరికి వచ్చి, తాము కూడా మాత్రలు మానేశామని గొంతు తగ్గించి చెబుతారని నేను అనుకుంటున్నాను. వాళ్ళకు పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్పండి, అవసరమైతే వెంట తీసుకుపోండి.

మీరు బెంగళూరు నుంచి తిరిగొచ్చాక కూడా ఆ వరండాలో మీకు కత్తిపీట ఇచ్చి "దా, కూర్చో" అన్నారంటే నిశ్చింతగా ఉండండి, పాడుకోండి, వండిపెట్టండి. మొహం తిప్పుకున్నారా, దీక్ష భంగమైందని ప్రాయశ్చిత్తం కట్టమన్నారా, మీ గురించి భజనలో అందరి ముందూ మాట్లాడారా, ఆ రోజే వచ్చేయండి. ఎదురింటి అక్కతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇద్దరు చాలు, ఇంకో ఇద్దరు వచ్చి కలుస్తారు. మీ వీధి రామాలయంలోనో, మీ ఇంటి వసారాలోనో శనివారం సాయంత్రం భజన పెట్టుకోవచ్చు. ఒక జత తాళాలు కొంటే సరిపోతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరంటాలకు పిలుపు ఆగిపోయిన ఆడవాళ్ళు మీ వీధిలో ఇంకా ఉంటారు, ముందు వాళ్ళను పిలవండి.

మీ అమ్మాయికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆమెకు ఒక్క మాట. తల్లీ, అమ్మ ఒంటి మీద నీకున్న శ్రద్ధ నిజమైనది, మాత్రల విషయంలో నువ్వు చెప్పిందే సరైనది. కానీ మతమంతా విషమని నువ్వు అన్న ప్రతిసారీ ఆమెకు, తనను బతికించిన మనుషుల్ని నువ్వు తిట్టినట్టు వినిపిస్తుంది. అప్పుడు ఆమె స్వామి వైపే ఇంకో అడుగు వేస్తుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ వాదన పక్కన పెట్టు. అన్నదానంలో ఈ నెల ఏం వండారో, ఎంతమంది వచ్చారో అడుగు. నీ భర్తతో కూడా అమ్మతో మాట్లాడించు. నువ్వు నర్సువి కదా, హెచ్‌బీఏ1సీ రిపోర్టు వచ్చిన రోజు ఆమె పక్కన నువ్వుండి, ఆ అంకెకు అర్థం ఏమిటో భయపెట్టకుండా చెప్పు.

అమ్మా, రిపోర్టులో షుగర్ బాగా ఎక్కువగా ఉంటే అదే వారంలో కంటి డాక్టరుకు కూడా చూపించుకోండి, పాదాలకు పరీక్ష చేయమని అడగండి. రశీదు సంగతి ఏమైందో, భజనలో ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి.